పెనం మీద నాలుగే: గోడ మీది బొమ్మలతో స్క్రమ్ నేర్పిన ఒక కేస్ స్టడీ

తొమ్మిది ఏ4 కాగితాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా చేసే స్క్రమ్ అనే పద్ధతి మీద రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చిన పదిహేను రోజులకు మళ్ళీ అదే టీమ్ దగ్గరికి వెళ్ళాను. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్లకాగితం పెట్టి, "స్క్రమ్ అంటే మీకు ఏం గుర్తుంటే అది బొమ్మ గీయండి, ఫోన్ చూడొద్దు" అన్నాను. పది నిమిషాలు ఇచ్చాను. ఆరుగురు ఒక పెద్ద సున్నా చుట్టి, దాని నెత్తిన ఓ చిన్న సున్నా పెట్టారు. గోడ మీద నేను అంటించి వెళ్ళిన పోస్టర్‌లో ఉన్నది ఆ బొమ్మే: పెద్ద సున్నా స్ప్రింట్, అంటే ఒక పని విడత; చిన్నది స్టాండప్, అంటే రోజూ జరిపే చిన్న సమావేశం. ఒకరు ఆ సున్నాలో "జిరా" అని, పనుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్ పేరు, రాశారు. ఇంకొకరు "9:30 కాల్" అని రాసి ఏడుపు మొహం వేశారు. రివ్యూ (చేసిన పని చూపించి అభిప్రాయం తీసుకునే సమావేశం) నుంచి బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) వైపు వెనక్కి తిరిగే బాణం మాత్రం ఒక్కరి కాగితం మీదా లేదు.

నాకు చిరాకేసింది. తలెత్తి పోస్టర్ చూశాక చిరాకు పోయి సిగ్గేసింది. ఆ బాణం అందులోనూ లేదు.

సంగతి జరిగింది 2022లో. ఆఫీసులు మళ్ళీ తెరిచి, వారానికి మూడు రోజులు రమ్మంటున్న రోజులు. మాదాపూర్‌లో మధ్యరకం కంపెనీ, అమెరికా క్లయింటు కోసం మెడికల్ ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్ చేస్తుంది. టీమ్‌లో ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక బిజినెస్ అనలిస్టు. అందులో ఇద్దరు డెవలపర్లు విశాఖలో ఇంటి నుంచే పని. ఏం చేయాలో, ఏది ముందో చెప్పే ప్రొడక్ట్ ఓనర్ న్యూజెర్సీలో. పేరుకు ఏడాదిన్నరగా అజైలే (స్క్రమ్ లాంటి పద్ధతులన్నిటికీ కలిపి ఉన్న పేరు). నడిచేది మాత్రం ఇలా: పొద్దున 9:30కి మొదలైన స్టాండప్ 10:15 దాకా సాగుతుంది, అందరూ మేనేజర్‌కి లెక్క అప్పజెబుతారు. రెండు వారాలకోసారి స్ప్రింట్ "క్లోజ్" అవుతుంది, మిగిలిపోయిన స్టోరీలు, అంటే పని ముక్కలు, తర్వాతి స్ప్రింట్‌లోకి దొర్లుతాయి. స్ప్రింట్ ఎలా జరిగిందో వెనక్కి చూసుకోవాల్సిన రెట్రో అంటే చివరి పది నిమిషాలు, "ఎనీథింగ్? ఓకే, థాంక్యూ."

నా ట్రైనింగ్‌లో 84 స్లైడ్లున్నాయి. మొదటి గంటంతా చరిత్రే. 1986లో టకెయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం, అందులో రగ్బీ పోలిక. 1995లో ష్వాబర్, సదర్లాండ్ స్క్రమ్‌ను ఒక సదస్సులో ప్రకటించడం. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని రాసిన అజైల్ మానిఫెస్టో, దాని నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. భోజనాలయ్యాక స్క్రమ్ నియమాల పుస్తకమైన 2020 స్క్రమ్ గైడ్ ప్రకారం మూడు బాధ్యతలు, ఐదు ఈవెంట్లు, మూడు ఆర్టిఫాక్టులు. తప్పు ముక్క ఒక్కటీ చెప్పలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ ఐదుకి ఐదు వేశారు. మన దగ్గర ఆ ఫారాలకు ఉన్న విలువ పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబుకున్నంతే.

కాగితాలు తిరిగిచ్చేటప్పుడు టీమ్‌లో సీనియర్ ఒకాయన కొంచెం మొహమాటంగానే అన్నాడు: "సార్, అమీర్‌పేటలో మా జావా సార్‌కి స్లైడ్లే ఉండేవి కావు. చాక్‌పీస్‌తో గీసేవాడు, చెరిపేవాడు, మమ్మల్ని లేపి గీయమనేవాడు. స్టాక్, హీప్ బొమ్మ ఇప్పటికీ కళ్ళ ముందుంది. అప్పుడు తప్పు గీసింది నేనే కదా, అందుకు."

ఈ కేసులో నాకు దారి చూపింది ఆ చివరి మాటే. అప్పటిదాకా విజువల్ ఎయిడ్స్ అంటే నా లెక్కలో నేను గీసి వాళ్ళకు చూపించేవి. చక్కటి రంగులు, ఐకాన్లు, లామినేషన్. వాళ్ళు తప్పు గీయడానికి అందులో చోటే లేదు.

ఇక్కడో చిన్న పక్కమాట. "కొందరు విజువల్ లెర్నర్లు సార్, వాళ్ళకి బొమ్మలు కావాలి" అనే మాట మా కోచ్‌ల నోట తెగ నలుగుతుంది. మనుషుల్ని అలా రకాలుగా విడదీసి, ఎవరి రకానికి తగ్గట్టు వాళ్ళకి చెబితే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లోనే పాష్లర్, మరికొందరు మనస్తత్వ పరిశోధకులు తేల్చారు. నాకు బొమ్మ అవసరమైంది అందుకు కాదు. తొమ్మిది మంది బుర్రల్లో తొమ్మిది రకాల స్క్రమ్‌లున్నాయి. మాటల్లో అవన్నీ ఒకటే అనిపిస్తాయి. గోడ మీద గీస్తేనే తేడా బయటపడుతుంది.

ముందు లెక్క తేలాలి

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు స్క్రమ్ అనే మాటే ఎత్తలేదు. మూడు చార్ట్ పేపర్లు పక్కపక్కన అంటించి, "మీ దగ్గరికి పని ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరెవరి చేతులు మారుతుంది, ఎక్కడ తేలుతుంది, గీయండి" అన్నాను. గోడకి టెక్స్చర్ పెయింట్ కాబట్టి స్టికీ నోట్లు నిలవవు, చార్ట్ పేపర్ తప్పనిసరి. నోటుని కింది నుంచి పైకి లాగితే వంకర తిరిగి, ఏసీ గాలికి గంటలో రాలిపోతుంది. పక్కనుంచి ఒలిస్తే చదునుగా వస్తుంది. ఈ చిట్కా తెలిసేలోపే ఒకరోజు రాత్రి రాలిన పదకొండు కార్డుల్ని ఊడ్చేశారు. మర్నాడు పొద్దున వాటిలో ఎనిమిదే గుర్తు తెచ్చుకోగలిగాం. మిగతా మూడింటి గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

బొమ్మ గీయడానికి రెండు గంటలు పట్టింది. అందులో గంటన్నర వాదులాటే. "కోడ్ రివ్యూ టెస్టింగ్‌కి ముందా తర్వాతా" అన్నదాని మీద ఇద్దరు సీనియర్లకే ఒక మాట లేదు. రెండేళ్ళుగా ఒకే టీమ్‌లో పనిచేస్తున్నారు.

తర్వాత, మొదలుపెట్టి పూర్తిచేయని ప్రతి పనినీ ఒక కార్డు మీద రాసి ఆ బొమ్మలో ఉండాల్సిన చోట అంటించమన్నాను. 28 వచ్చాయి. మేనేజర్ గారు అక్కడే ఉన్నారు. "ఇవాళ నేనో కొత్త పని ఇస్తే ఎప్పటికవుతుంది?" అని అడిగారు. ఎవరో అలవాటు కొద్దీ "నెక్స్ట్ వీక్ సార్" అన్నారు.

"వారానికి సగటున ఎన్ని పూర్తవుతున్నాయి?" అన్నాను. జిరా తెరిచి చూస్తే నాలుగు. 28ని 4తో భాగిస్తే 7. కొత్తపని వరుసలో నిలబడితే బయటికి రావడానికి ఏడు వారాలు. దీన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు, లిటిల్స్ లా అంటారు. లోపలున్న సంఖ్య అంటే, లోపలికొచ్చే వేగాన్ని ఒక్కోటీ లోపలుండే సమయంతో గుణిస్తే వచ్చేది. నా పాత స్లైడ్ 61లో ఈ సూత్రం ఉంది. అప్పుడెవరూ కిమ్మనలేదు. ఇప్పుడు గోడ మీద 28 పసుపు చీటీలు కనిపిస్తున్నాయి, భాగహారం వాళ్ళదే. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రూపాయి నాణేల ఆట ఆ వారమే ఆడించాను. ఇది కొత్తదేం కాదు, కోచ్‌లందరికీ తెలిసిందే. నలుగురు వరసగా కూర్చుంటారు. 20 నాణేలు. ప్రతివాడూ ఎడమచేత్తో ఒక్కో నాణేన్నీ తిరగేసి పక్కవాడికివ్వాలి. మొదటిసారి ఇరవయ్యీ తిరగేశాకే ఇవ్వాలి. రెండోసారి ఐదేసి. మూడోసారి ఒక్కోటి. నాణేనికి ఒక సెకను అనుకుంటే మొదటి పద్ధతిలో చివరి మనిషి చేతి నుంచి అన్నీ బయటపడేసరికి 80 సెకన్లు. ఐదేసి అయితే 35. ఒక్కోటి అయితే 23, మొదటి నాణెం నాలుగో సెకనుకే కస్టమర్ చేతిలో. ఎడమచేయి తడబడుతుంది కాబట్టి అసలు ఆటలో అంకెలు ఇంకా పెరుగుతాయి, తేడా అలాగే ఉంటుంది.

మేనేజర్ గారు స్టాప్‌వాచ్ పట్టుకున్నారు, నేనే పట్టించాను. ఆయన ఆగి అన్నమాట: "ఒక్కో మనిషి పని చేసింది మూడుసార్లూ ఆ ఇరవై సెకన్లే కదా. మరి మిగతా టైమ్ ఏమైంది?" నాణేలు బల్ల మీద ఊరికే కూర్చున్నాయి. మనుషులు ఖాళీగా ఉండకూడదని ఆయన ఏడాదిన్నరగా కాపలా కాస్తున్నారు. పని ఖాళీగా కూర్చోవడం ఆయన కంటపడింది ఆ రోజే.

పెనం

పనిని పరిమితం చేయాలన్న సంగతి ఒప్పుకున్నారు. బోర్డు మీద చేస్తున్న పనుల కాలమ్ పైన "4 మాత్రమే" అని పెద్దక్షరాలతో రాశాం. మూడో రోజుకు ఆ కాలమ్‌లో ఏడు కార్డులు. నాలుగు దాటిన ప్రతి కార్డుకూ ఒక కారణం ఉంటుంది: క్లయింటు అర్జెంటన్నాడు, ఇది చిన్నదే, అది ఆగిపోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

ఆఫీసు ఎదురుగా ఒక టిఫిన్ సెంటరుంది. సాయంత్రం నాలుగున్నరకి అందరం అక్కడ టీ తాగుతాం. ఒకరోజు టీ తాగుతూ దోసెల మాస్టర్‌ని చూడమన్నాను. చీటీలు మేకుకి గుచ్చి ఉన్నాయి, పదిహేను దాకా. జనం కౌంటర్ మీద పడి అరుస్తున్నారు. ఆయన వాటి వంక చూడడు. పెనం మీద నాలుగు. నీళ్ళు చిలకరించి, చీపురుతో తుడిచి, గరిటెతో పిండి తిప్పి, నూనె వేసి, అంచు లేచిందా చూసి, తీసి, చోటు ఖాళీ అయితేనే మళ్ళీ గరిటె ముంచుతాడు. మా కుర్రాడొకడు అడిగేశాడు: "అన్నా, పెనం మీద జాగా ఉంది కదా, ఇంకో రెండు పోయొచ్చుగా?"

"పోస్త. రెండు పోసి తిప్పేలోపట మొదటియి మాడుతయి. మాడినయి నువ్వు తింటవా?"

మర్నాడు టీమే కాలమ్ చెరిపేసి చార్ట్ మీద పెద్ద పెనం గీసింది. పిడితో సహా. లోపల నాలుగు దోసెల గీతలు, ఒక్కో దోసె ఒక కార్డు పట్టేంత. ఐదో కార్డు పెట్టాలంటే ఇంకో కార్డు మీద పెట్టాలి, లేదా పెనం బయట వేలాడాలి. రెండూ దూరం నుంచే కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ మొత్తం కేసులో పనిచేసిన బొమ్మ ఇదొక్కటే అన్నా తప్పులేదు. "4 మాత్రమే" అన్నది చదివి పాటించాల్సిన ఆజ్ఞ. పెనంలో మాత్రం ఐదో కార్డుకి చోటే లేదు.

గొడవ లేకుండా ఏం కాలేదు. "తొమ్మిది మందిమి, నాలుగు కార్డులు. మిగతా ఐదుగురం ఏం చేయాలి?" అన్న ప్రశ్న మీద రెండు రోజులు నడిచింది. ఒక కార్డు మీద ఇద్దరు కూర్చోవడం, డెవలపర్ వెళ్ళి టెస్టింగ్‌లో చెయ్యి వేయడం వాళ్ళకి చిన్నతనంగా అనిపించింది, ముఖ్యంగా రెండోది. నేను నాణేల ఆట గుర్తుచేశాను. పని మాత్రం చేసింది నా మాట కాదు. టెస్టింగ్ చూసే అమ్మాయి ఒక రోజు స్టాండప్‌లో గరిటె పట్టుకున్నట్టు చెయ్యి చూపించి, "నా పెనం నిండిపోయింది, మీరు పిండి పోస్తూనే ఉన్నారు" అంది. ఆ వారం ఒక సీనియర్ డెవలపర్ టెస్ట్ కేసులు రాశాడు.

కాన్‌బాన్ అంటే జపనీస్‌లో సూచన పలక, చీటీ అన్న అర్థం వస్తుందనీ, టొయోటాలో తైచి ఓనో ఆ చీటీలతోనే పైనుంచి తోసే పనిని కింది నుంచి లాక్కునే పనిగా మార్చాడనీ ఆ తర్వాత చెప్పాను. స్క్రమ్ గైడ్‌లో ఈ పరిమితి మాట లేదు, ఇది కాన్‌బాన్ అనే పక్క పద్ధతి నుంచి తెచ్చుకున్నది అని కూడా చెప్పాను. మేకు మీద చీటీలు చూసొచ్చిన వాళ్ళు కదా, చరిత్ర ఈసారి ఐదు నిమిషాల్లో ఎక్కింది.

లేని బాణం, మెలికల ముగ్గు

రివ్యూ నుంచి వెనక్కి వచ్చే బాణం సంగతి మిగిలింది. దీనికి నేను వాడింది ముగ్గు. టీమ్‌ని రెండు జట్లు చేసి, రెండింటికీ ఒకే కాగితం ఇచ్చాను. దాని మీద మాటలే తప్ప బొమ్మ లేదు: "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క. చుక్కలన్నీ కలిసేలా ముగ్గు పూర్తి చేయాలి." ఇరవై నిమిషాలు. మొదటి జట్టు చివర్లోనే చూపించాలి. రెండో జట్టు ప్రతి ఐదు నిమిషాలకూ ప్రొడక్ట్ ఓనర్‌కి చూపించవచ్చు. ప్రొడక్ట్ ఓనర్‌గా ప్యాంట్రీ చూసుకునే అక్కని కూర్చోబెట్టాం. రోజూ ఇంటి ముందు ముగ్గేసి వచ్చే మనిషి.

మొదటి జట్టులో నలుగురూ మగవాళ్ళే. "సందు చుక్క" అంటే ఏంటో ఒక్కరికీ తెలియదు, అడగనూ లేదు. ఏడు వరసలూ ఒకదాని కింద ఒకటి నిలువుగా పెట్టుకుంటూ పోయారు. చుక్క కింద చుక్క కాదు, రెండు చుక్కల సందులో కింది చుక్క రావాలి. ఇరవై నిమిషాలు శ్రమపడి అందమైన నక్షత్రం ఒకటి వేశారు. అక్క చూసి, "మంచిగుంది సార్, కానీ ఇది కాదు" అంది.

రెండో జట్టు మొదటి ఐదు నిమిషాలకే దొరికిపోయింది. చుక్కలు సరిగానే పెట్టారు, వాటి మీదుగా గీతలు కలుపుతున్నారు. అక్క వచ్చి తల అడ్డంగా ఊపింది. "గీత చుక్క మీదికెళ్ళి పోవద్దు. చుక్క చుట్టు తిరగాలె. మెలికల ముగ్గు గదా." మెలికల ముగ్గని నా కాగితంలో ఎక్కడా లేదు. ఆమె మనసులో మొదటినుంచీ ఉంది, చెప్పాలని ఆమెకి తోచలేదు, రాయాలని నాకు తోచలేదు. బిజినెస్ అనలిస్టు నవ్వుతూ నా కాగితం మీద వేలు పెట్టి, "సార్, మన న్యూజెర్సీ ఆయన పంపే స్టోరీలు అచ్చం ఇలాగే ఉంటాయి" అన్నాడు.

"అయిపోయిందని ఎప్పుడంటావక్కా?" అని అడిగాను. "గీత ఏడ తెగొద్దు. మొదలైన కాడికే రావాలె. ఒక్క చుక్క గూడ ఖాళీ ఉండొద్దు." ఆ మూడు మాటలూ అలాగే బోర్డు మీద రాసి, దాని పక్కన "మన పని అయిపోయిందని ఎప్పుడంటాం?" అని ఖాళీ వదిలాను. డెఫినిషన్ ఆఫ్ డన్ అనే మాట చెప్పకుండానే టీమ్ ఐదు అంశాలు రాసుకుంది. ఆ సాయంత్రం ఎవరో గోడ మీది బొమ్మలో రివ్యూ నుంచి బ్యాక్‌లాగ్‌కి ఎర్ర మార్కర్‌తో బాణం గీశారు. ఎవరో నేను కనుక్కోలేదు.

నేను చేసిన తప్పులు

మొదటి తప్పు రంగులు. బగ్‌లకి ఎరుపు, కొత్త పనులకి ఆకుపచ్చ అని నియమం పెట్టాను. మూడు వారాలయ్యాక ఒక డెవలపర్ లిఫ్ట్ దగ్గర నన్ను పక్కకి పిలిచి, ఆ రెండూ తనకి ఒకేలా కనిపిస్తాయని చెప్పాడు. మూడు వారాలూ పక్కవాడిని చూసి నెట్టుకొచ్చాడు. వెంటనే రంగులు తీసేసి, బగ్ కార్డుకి ఓ మూల కత్తిరించడం మొదలుపెట్టాం. వర్ణాంధత్వం మగవాళ్ళలో అరుదేమీ కాదని తెలిసీ అడగకపోవడం నా పొరపాటే.

రెండోది పెద్దది. ఎవరి పని ఏదో తెలియాలని ఒక్కొక్కరికీ పేరున్న అయస్కాంతం ఇచ్చాను. ఒక శుక్రవారం పై స్థాయి వాళ్ళెవరో బోర్డు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఒక పేరు చుట్టూ గీత గీసి, "నాలుగు రోజులుగా ఎందుకు కదల్లేదు?" అని అడిగారు. సోమవారానికి కార్డులన్నీ చకచకా కదులుతున్నాయి. పని కదల్లేదు. బోర్డు అబద్ధం ఆడటం మొదలైందంటే దానికంటే బోర్డు లేకపోవడమే నయం. ఫోటోలు వద్దని మేనేజర్ గారితో గట్టిగా కూర్చుని ఒప్పించడానికి వారం పట్టింది. అయస్కాంతాలు తీసేశాం. వాటి బదులు, పెనం మీద కార్డు ఒక రోజు గడిపితే దాని మూలన పెన్నుతో ఒక చుక్క. ఇప్పుడు ప్రశ్న మనిషి మీదికి పోదు. "ఇది ఐదు చుక్కలైంది, ఏం చేద్దాం?" అంటారు. ఏడు దాటితే "ముగ్గేస్తున్నారా ఏంటి" అన్న పరాచికం ఒకటి పుట్టింది. స్టాండప్ కూడా మనుషుల వరస వదిలేసి కార్డుల వరసలో, కుడి చివర పూర్తికావచ్చిన దాంతో మొదలుపెట్టి ఎడమకి నడుస్తుంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డేముంది అన్న మూడు ప్రశ్నల పద్ధతిని 2020 స్క్రమ్ గైడే వదిలేసింది. పదిహేను నిమిషాల్లో లేస్తున్నారు, చాలా రోజులు పన్నెండుకే.

ఏ పని ఎంత పెద్దదో అంచనా వేయడానికి ప్లానింగ్ పోకర్ అనే అంకెల ముక్కలు కొనిచ్చాను. భోజనాల వేళ పేకాటకి పనికొచ్చాయి.

విశాఖలో ఉన్న ఇద్దరి సంగతి నేను చివరిదాకా సరిగ్గా తేల్చలేకపోయాను. మొదట ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి బోర్డు వైపు తిప్పాం. కార్డుల మీది రాత వాళ్ళకి కనిపించేది కాదు. ఒక్కొక్కరికీ ఇక్కడ ఒక జత మనిషిని పెట్టాం, వాళ్ళు చెబితే ఇతను కార్డు కదుపుతాడు. అది కొంత నయం. ఆఖరికి వాళ్ళిద్దరే మిరో అనే ఆన్‌లైన్ బోర్డులో అదే పెనం గీసుకున్నారు. గోడ మీది బొమ్మ కంటే వాళ్ళదే ఎప్పుడూ తాజాగా ఉండేది. నాలుగో నెలలో అందరూ జిరా బోర్డుకి మారారు, గోడ మీద పెద్ద బొమ్మ మాత్రం ఉంచారు. జిరాలో కాలమ్ పేరు తెలుగులోనే "పెనం". న్యూజెర్సీ ఆయన ఒకసారి రివ్యూలో దాన్ని "పీనమ్" అని చదివి అర్థం అడిగాడు. చెప్పారు. ఆ తర్వాత అర్జెంటు పని పంపేటప్పుడు ఏ దోసె తీసేయాలో కూడా ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇది నేను ఆశించింది కాదు.

అంకెలు అడుగుతారు కాబట్టి చెబుతాను. మూడు నెలల తర్వాత నడుస్తున్న పనులు 28 నుంచి 7కి వచ్చాయి: పెనం మీద 4, టెస్టింగ్‌లో 3. వారానికి పూర్తయ్యేవి 4 నుంచి 5కి మాత్రమే పెరిగాయి, అదేం గొప్ప కాదు. కానీ ఒక కార్డు లోపల గడిపే సమయం ఏడు వారాల నుంచి వారంన్నర లోపుకి దిగింది. ఇదంతా బొమ్మల పుణ్యమేనని నేననను. మధ్యలో ఒక పాత మాడ్యూల్ తీసేశారు, దాని బగ్‌లూ పోయాయి.

తెల్లకాగితం పరీక్ష మళ్ళీ పెట్టాను. ఈసారి సున్నాలు గీసింది ఒక్కరే. మిగతా వాళ్ళు తమ గోడ గీశారు, పెనంతో, మేకుకి గుచ్చిన చీటీలతో. వెనక్కి తిరిగే బాణం తొమ్మిదింట ఏడింటిలో ఉంది. అది లేని రెండిట్లో ఒకటి విశాఖ నుంచి ఫోటో తీసి పంపింది.

స్ప్రింట్ గోల్‌కి, అంటే ఆ విడతలో సాధించాల్సిన లక్ష్యానికి, మాత్రం బొమ్మ కుదర్లేదు. కొండ మీద జెండా గీశాను, ఎవరూ చూడలేదు. సిటీ బస్సు గీసి నుదుటి బోర్డు మీద గోల్ రాయమన్నాను, రెండు స్ప్రింట్లు రాసి మానేశారు. చివరికి బోర్డు నెత్తిన ఒక ఖాళీ పట్టీ వదిలాం, ఆ పదిహేను రోజులకీ ఒక్క వాక్యం రాయడానికి. కొన్నిసార్లు రాస్తారు. నేను ఆఖరుసారి వెళ్ళినప్పుడు అందులో ఇలా ఉంది: "బిర్యానీ: చికెన్ 6, వెజ్ 2. డబ్బులు ముందే."